శ్రీ 80 బోర్డు గారికి, బదిలీ సందర్భంగా

అయ్యా,

2025 ఫిబ్రవరి 7న ఐర్లండ్ పల్లె రోడ్ల మీద వేగ పరిమితిని గంటకు 80 కిలోమీటర్ల నుంచి 60కి దించారని, దాంతో అక్కడ మీ డ్యూటీ ముగిసిందని తెలిసింది. శాలువా లేదు, మెమెంటో లేదు, మీ గురించి రెండు మంచి మాటలు చెప్పినవాళ్లూ లేరు. ఆ లోటు నేను తీరుద్దామనుకుంటున్నాను.

మీరు ఉద్యోగంలో చేరింది 2005 జనవరి 20న. అప్పటిదాకా ఆ దేశంలో దూరాలు చాలావరకు కిలోమీటర్లలో, వేగాలు మైళ్లలో రాసేవాళ్లట. డ్రైవరుకి లైసెన్సుతో పాటు ఎక్కాలు కూడా వచ్చి ఉండాలన్నమాట. మీకు ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన గంటకు 60 మైళ్లు, అంటే దాదాపు 97 కిలోమీటర్లు. ఆయన పక్కన పెట్టి చూస్తే మీరు సాత్వికులే.

మీరు నాకు పరిచయమైంది కెర్రీ కౌంటీలో, డింగిల్ ద్వీపకల్పం మీద, పెద్ద రోడ్డు వదిలి పక్కకి తిరిగినచోట. ఎర్రటి అంచు, తెల్లటి ముఖం, నల్లగా 80. మీ వెనక ఒక్క కారు పట్టేంత తారు, దాని నడిమధ్య గడ్డి. గడ్డంటే ఏవో నాలుగు పోచలు కాదు, ఆవుకి ఒక పూట గడిచేంత. రెండు పక్కలా ఎర్రెర్రటి పూలతో ఫ్యూషియా పొదలు. పూలే కదా అని కారు కాస్త ఆనిస్తే లోపల రాతిగోడ తగులుతుంది. కారు అద్దెకిచ్చినచోట కౌంటర్లో అమ్మాయి, "మీ దేశంలోనూ ఎడమ పక్కే కదా, మీకు ఈజీ" అంది. ఎడమ పక్కన వెళ్లాలంటే ముందు రోడ్డుకి పక్కలంటూ ఉండాలి కదండీ.

నా పక్క సీట్లో మా మావయ్యగారు. ఆర్టీసీ డిపోలో చేసి రిటైరైన మనిషి. రాసిపెట్టిన బోర్డంటే ఆయనకి మహా గౌరవం.

"అల్లుడుగారూ, అక్కడ ఎనభై అని ఉంది. మీరేంటి ముప్పైలో పోతున్నారు?"

"రోడ్డు చూడండి మావయ్యగారూ."

"రోడ్డు సంగతి మనకన్నా గవర్నమెంటు వాళ్లకి తెలీదా? ఇంజనీరు వచ్చి చూడకుండానే బోర్డు పాతుతారా?"

ఏ ఇంజనీరూ ఆ సందు చూసి మీకు ఆ అంకె ఇవ్వలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. కౌంటీ కౌన్సిల్ ప్రత్యేకంగా తగ్గిస్తే తప్ప, ఊరు దాటిన ప్రతి లోకల్ రోడ్డుకీ చట్టం రాసిచ్చింది 80. రెండు లారీలు హాయిగా ఎదురుపడే రోడ్డుకీ అంతే, ఈ ఆవుల దారికీ అంతే. బడి పిల్లలందరికీ ఒకే కొలతలో యూనిఫాం కుట్టించారు, మీరు మోశారు. పైగా అడిగితే ఆఫీసులో జవాబు సిద్ధంగా ఉంటుంది: 80 అంటే అంతకు మించకూడదనే గానీ, అంత వేగంతో వెళ్లమని కాదు. కనిపించినంత దూరంలో బండి ఆపుకోగలిగే వేగంలో వెళ్లడం డ్రైవరు బాధ్యత. బాగుంది. మరి బాధ్యతంతా డ్రైవరుదే అయితే, మీరు ఎండకీ వానకీ (ఎక్కువగా వానకే) నిలబడి చేసిన పనేమిటి?

అదే ఆలోచిస్తుంటే మలుపులో ట్రాక్టర్, దాని వెనక సైలేజ్ (మాగబెట్టిన పశుగ్రాసం) ట్రైలర్. అలాంటప్పుడు పొలం గేటు ఎవరికి దగ్గరుంటే వాళ్లు వెనక్కి పోవాలి. మాకే దగ్గర. అత్తయ్యగారు వెనక సీట్లో విష్ణు సహస్రనామం అందుకున్నారు. నేను పక్క అద్దం మడిచి, రివర్సులో వెళ్లి కారుని పొదలోకి దూర్చాను. ట్రాక్టరాయన దాటుతూ స్టీరింగ్ మీంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తాడు. ఆ పల్లెల్లో నమస్కారం అదే.

"బెదిరిస్తున్నాడా?" అన్నారు మావయ్యగారు.

మిమ్మల్ని చూసి జనం నవ్వుతున్నారని మీ పైవాళ్లకీ తెలిసింది. అందుకని చాలాచోట్ల మిమ్మల్ని తీసి, తెల్ల బిళ్ల మీద ఏటవాలుగా నల్లగీతలున్న బోర్డు పెట్టారు. అంకె లేదు. దాని అర్థం? 80 దాటొద్దు, కానీ బుర్ర వాడండి అని. అంటే చట్టం అలాగే ఉంది, సిగ్గుపడి అంకె మాత్రం దాచారు. ఇప్పుడు ఆ గీతలకి 60 అని అర్థం చెప్తున్నారు. పెయింటు ఖర్చు కూడా లేకుండా సంస్కరణ చేయడం మన దగ్గర ఎవరికీ ఇంకా చేతకాలేదు.

మీ స్థానంలో వచ్చిన 60 గారు మీకంటే నెమ్మదస్తులు. అయినా ఆ సందులో 60కి వెళ్లి చూపించమనండి, పక్క సీట్లో మావయ్యగారిని కూర్చోబెడతాను.

మీరేమీ బెంగ పెట్టుకోకండి. ఇది రిటైర్‌మెంట్ కాదు, బదిలీయే. ఆర్ అక్షరంతో మొదలయ్యే రీజినల్ రోడ్ల మీద మీరు ఇంకా డ్యూటీలోనే ఉన్నారు. అదే ద్వీపకల్పం చివర స్లే హెడ్ చుట్టూ తిరిగే ఆర్559 కూడా ఆ జాబితాలోదే. ఒక పక్క కొండ, ఒక పక్క అట్లాంటిక్, మధ్యలో ఫొటోల కోసం ఆగిన కార్లు. మీకు తగిన పోస్టింగే.

ఇట్లు,
మీ మాట వినకుండా ముప్పైలో వెళ్లిన ఒక అల్లుడు