త్సురుగాలో దిగాల్సిందే

2024 మార్చి 16న జపాన్‌లో హొకురికు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు మార్గాన్ని కనజావా నుంచి త్సురుగా దాకా 125 కిలోమీటర్లు పొడిగించారు. దాంతో ఆ దారిలోని ఫుకుయి ప్రాంతం జనానికి చేరువైందా, దూరమైందా?

వాది: చేరువైంది. ఫుకుయి నుంచి టోక్యోకి ఒకే బండి, వేగవంతమైనదైతే 2 గంటల 51 నిమిషాలు. ఇదివరకటి కంటే 36 నిమిషాలు తక్కువ. అంతకుముందు మైబారాలోనో కనజావాలోనో మారాల్సి వచ్చేది.

ప్రతివాది: ఫుకుయి వాళ్ళకి ఒసాకా, క్యోటో అక్కర్లేదా అండీ? పాత లైను మీద థండర్‌బర్డ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఒసాకాలో దిగేవాళ్ళు. ఇప్పుడా బండి త్సురుగా దాటి రాదు. ఆ స్టేషన్‌లో షింకన్‌సెన్ పై అంతస్తులో, థండర్‌బర్డ్ కింద, మారడానికి ఎనిమిది నిమిషాలు. ఇంతా చేసి ఫుకుయి–ఒసాకా ప్రయాణంలో మిగిలింది మూడు నిమిషాలు! ఛార్జీ మాత్రం పెరిగింది.

వాది: కనజావా–ఒసాకా మధ్య 22 నిమిషాలు తగ్గాయి, అదీ చెప్పండి. బండి మారక తప్పనిది గేజ్ వల్ల, అంటే పట్టాల ఎడం వల్ల. షింకన్‌సెన్ పట్టాలు 1435 మిల్లీమీటర్లు, పాత లైను 1067. చక్రాల ఎడం మార్చుకునే బండి తేవాలనుకున్నారు, 2018లో ఈ లైనుకి ఆ ఆలోచన మానుకున్నారు. లైను ఒసాకా చేరితే ఈ తంటా ఉండదు.

ప్రతివాది: చేరితే కదా! త్సురుగా నుంచి ఒబామా అనే ఊరు, క్యోటోల మీదుగా ఒసాకాకి దారి 2016లోనే ఖాయం చేశారు. త్సురుగా లైను తెరిచేనాటికి ఆ దారిలో తట్టెడు మట్టి తవ్వలేదు. సొరంగం తవ్వితే భూగర్భజలం ఏమవుతుందోనని క్యోటోలో సాకే మద్యం తయారీదారుల గుబులు.
అసలు నష్టం సబాయెది. ఎక్స్‌ప్రెస్‌లు ఆగే ఊరు. షింకన్‌సెన్ స్టేషన్ రాలేదు, ఎక్స్‌ప్రెస్‌లూ పోయాయి. పాత లైను జేఆర్ రైల్వే కంపెనీ చేతి నుంచి స్థానిక ప్రభుత్వాల పెట్టుబడితో నడిచే హాపీ-లైన్ ఫుకుయి అనే సంస్థకి వెళ్ళింది. ఒసాకా వెళ్ళాలంటే ఆ బండిలో త్సురుగా చేరి మారాలి.

వాది: పాసింజర్ ప్రయాణికుణ్ణి అడగండి. ఇదివరకు ఎక్స్‌ప్రెస్‌కి దారివ్వడానికి పాసింజర్ బండి పక్క లైన్లో నిలబడేది. ఆ బెడద పోయింది. ఫుకుయి–త్సురుగా మధ్య కొన్ని స్టేషన్లలోనే ఆగే వేగపు బండ్లూ వేశారు.

ప్రతివాది: అది నిజమే, ఒప్పుకుంటాను. ఛార్జీ పెరిగిందని మీరూ ఒప్పుకోండి. ఎచిజెన్-తకెఫు అనే కొత్త షింకన్‌సెన్ స్టేషన్ సంగతో? పాత తకెఫు స్టేషన్‌కి దూరంగా, ఎక్స్‌ప్రెస్ హైవే ఇంటర్‌ఛేంజ్ పక్కన కట్టారు. కారున్నవాడికి వరమే. కారులేని ముసలాయన ఊళ్ళోంచి బస్సుకోసం ఎంతసేపు నిలబడ్డాడో టైంటేబుల్ 2 గంటల 51 నిమిషాల్లో లెక్కేస్తుందా?

వాది: బస్సు వేళల్ని బండి వేళలకు కలిపితే సరి.

ప్రతివాది: ఒక్క బండి తప్పితే తర్వాతి దానికి చాలాసేపు ఆగాలి. ఆ స్టేషన్‌లో అన్ని షింకన్‌సెన్‌లూ ఆగవు.