పైన పటారం సూపర్ కబ్ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ పైపర్ సూపర్ కబ్ గారి దివ్యసముఖానికి,

అలాస్కాలోని ఆంకరేజ్ నుంచి, ఒంటికి గుడ్డ తొడుక్కుని ఎగిరే చిన్న విమానమైన తమకు, కాగితాల్లో తమ యజమానిగా నమోదైన సేవకుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ నేను క్షేమం. తమరు క్షేమం కాదని ఈ ఏటి తనిఖీలో తేలింది. తమ ఎడమ రెక్క మీంచి అంగుళం వెడల్పున గుడ్డ పట్టీ కోసి, రంగు కడిగి లాగితే, 56 పౌండ్ల లాగుడుకు నిలవాల్సింది ఆ అంకె చేరకుండానే తెగింది. తమ రెక్కలు చదరపు అడుగుకు 9 పౌండ్ల పైచిలుకు మోస్తాయి గనక ఆ 56 దగ్గర బేరం కుదరదు. కొత్తగా ఉన్నప్పుడు ఇదే గుడ్డ 100 దాటినా చలించదు. అమ్మిన పెద్దమనిషి "జీవితకాలం గుడ్డ" అని మాటిచ్చాడు. ఎవరి జీవితమో చెప్పలేదు.

తమ గుడ్డ పాలిస్టరు, దాన్ని తప్పుపట్టడం లేదండి. పాతకాలం నూలుగుడ్డలా అది బూజు పట్టదు, కుళ్ళదు. దానికి ఎండ ఒక్కటే పడదు. అందుకే రంగుకింద అల్యూమినియం పొడి కలిసిన వెండిపూత, ఒకసారి అడ్డంగా ఒకసారి నిలువుగా, తయారీదారు పుస్తకం చెప్పినన్ని కోట్లు వేయాలి. వేసవిలో పగలు 19 గంటలు దాటే ఈ ఊళ్ళో, హ్యాంగర్ లేక ఆరుబయట కట్టేసే విమానానికి ఆ పూతే గొడుగు. తమకు గుడ్డ వేసినాయన బరువు మిగిల్చాడో, డబ్బాలు మిగుల్చుకున్నాడో గానీ, చీకట్లో ఇన్‌స్పెక్షన్ మూత తీసి లోపల బల్బు పెడితే తమరు పెళ్ళిపందిరిలా వెలిగిపోతున్నారు. పైరంగులో మాత్రం ఇప్పటికీ మొహం చూసుకోవచ్చు. పైన పటారం, లోన లొటారం.

గుడ్డే కదా, మార్చేస్తే పోలా అనే పుణ్యాత్ములు ఉంటారు. మార్చే క్రమం వారు కూడా ఆలకింతురు గాక.

ముందు రెక్కలు విప్పాలి. పాత గుడ్డను చింపి పారేయకూడదు. పెద్ద ముక్కలుగా కోసి దాచాలి, ఏ కన్నం ఎక్కడుండేదో ఏ పట్టీ ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే నక్షా అదొక్కటే. కొండను తవ్వితే ఎలుక దొరకడం సామెత. తమ రెక్కను విప్పితే ఎలుక గూడు దొరకడం నిజం, దాని మూత్రానికి అల్యూమినియం రిబ్బులు, అంటే రెక్కకు ఆకారమిచ్చే పక్కటెముకలు, తెల్లగా పొడి రాలడం ఇంకా నిజం. తర్వాత తోకవైపు కింది లాంజెరాన్లు, అంటే ఒంటి పొడుగునా సాగే ఉక్కు గొట్టాలు. ఒంట్లో చేరిన నీరంతా జారి అక్కడే నిలుస్తుంది, ఉక్కు గొట్టం లోపలినుంచి తుప్పు పడుతుంది. మొనదేలిన పనిముట్టుతో పొడిచి చూడాలి. దిగిందంటే ఆ ముక్క కోసి కొత్త గొట్టం వెల్డింగ్ చేయాలి. ఆ పైన అడుగుపూతగా ఎపాక్సీ ప్రైమరే కొట్టాలి, ఎందుకంటే గుడ్డ అంటించే జిగురులోని ఎం.ఇ.కె. అనే ఘాటు ద్రావకం మామూలు ప్రైమర్‌ను బుడగలు తేలేట్టు లేపేస్తుంది.

అప్పుడొస్తుంది ఇస్త్రీ. అవును, ఇస్త్రీపెట్టే. జిగురుతో అంటించిన గుడ్డను ముందు 250 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, తర్వాత 300, చివరికి 350 దగ్గర బిగించాలి. 350 దాటితే బిగువు పోయి సాగుతుంది, మళ్ళీ వెనక్కి రాదు. ఇస్త్రీపెట్టె మీది అంకెలను నమ్మితే కొంప మునిగినట్టే, థర్మామీటరు ఆనించి గుర్తులు పెట్టుకోవాలి. ఒకేచోట మొదలెట్టి బిగిస్తూ పోతే చుక్కాని సన్న గొట్టాలు వంకర తిరుగుతాయి, కాబట్టి అటు కొంచెం ఇటు కొంచెం.

ఇక కుట్టు. రెక్క మందం దాటే పొడుగు సూది, మైనం పట్టిన తాడు, పైన ఒకరు కింద ఒకరు. రిబ్బుకు ఇటు గుచ్చి అటు లాగి, ప్రతి కుట్టుకూ విడిగా ముడి వేయాలి, ఒకటి తెగితే పక్కది ఊడకుండా. ప్రొపెల్లర్ గాలి కొట్టే మేర కుట్లు ఇంకా దగ్గరగా పడాలి. ఆ కుట్ల మీద పట్టీలు, ప్రతి గదికీ అడుగున నీరు పోయే కన్నం, ఆపైన పూతలు. చలికాలం గనక షెడ్డుకు వెచ్చదనం కావాలి. హీటరు వెలిగిస్తే ఎం.ఇ.కె. ఆవిరి అంటుకుంటుంది. ఇదంతా పక్కన మెకానిక్ చూస్తుండగా, చివర అతను సంతకం చేస్తేనే చెల్లు. మనవల్ల కాదని షాపుకిస్తే బిల్లు పదుల వేల డాలర్లలో.

అసలు నీకేం తక్కువ చేశామయ్యా? నీ రెక్కల కింద ఆనుగా ఉండే స్ట్రట్లు లోపల తుప్పు పడతాయని 2015-08-04 నంబరు డైరెక్టివ్, అంటే ప్రభుత్వ భద్రతా ఆదేశం, ఒకటి తెచ్చుకున్నావు. సీలు చేసినవి కొనేదాకా 24 నెలలకోసారి వాటికి పరీక్ష. కాగితమంత మంచు పొర పడితే ఎగరనంటావు, రెక్కలకు దుప్పట్లు కప్పాలి, ఇంజనుకు వేరే దుప్పటి. చేపల వాసన తగిలితే ఎలుగొచ్చి నీ పొట్ట చీలుస్తుంది, చుట్టూ కరెంటు కంచె. 31 అంగుళాల టైర్లు తొడిగితే గంటకు 100 మైళ్ళు అందుకోవు. 30 మైళ్ళ ఎదురుగాలిలో కింద పార్క్స్ హైవే అనే రోడ్డు మీద లారీలు నిన్ను దాటిపోతాయి. దిగాక కూడా నెమ్మదించవు, బరువంతా ముందు చక్రాల వెనకే గనక కాలు కాస్త బద్ధకిస్తే తోక ముందుకొచ్చి గిర్రున తిరుగుతావు. మోసేదెంతంటే, మొత్తం బరువుకు 1750 పౌండ్ల హద్దులో మార్పులన్నీ చేయించుకున్న నీ ఖాళీ ఒళ్ళే 1150, నిండా 36 గ్యాలన్ల పెట్రోలు 216. మిగిలింది 384. ఇద్దరు మనుషులు కూర్చుంటే గుడారమా బియ్యమా అని తేల్చుకోవాలి.

వదిలించుకోమనే వాళ్ళకు జవాబు చెప్పలేకపోవడమే నా ఖర్మ. రాజధాని జూనోకే బయటినుంచి రోడ్డు లేని రాష్ట్రం ఇది. వేగం గంటకు 43 మైళ్ళదాకా తగ్గినా గాల్లో నిలిచేది, నది మధ్య గులకరాళ్ళ తిన్నె మీద దిగి మళ్ళీ లేచేది ఉండాలంటే బేరానికి ఎక్కువ పేర్లు రావు. ఆల్డర్ చెట్టు కొమ్మ గుచ్చుకుంటే రేకు విమానానికి రివెట్లు, కొత్త రేకు, రేకుపనివాడు కావాలి. నీకు చారెడు గుడ్డ, జిగురు, అదే ఇస్త్రీపెట్టె. గొట్టం వంగితే పల్లెలో వెల్డర్ చాలు. నీ ఒంట్లో ప్రతి ముక్కా ఇప్పటికీ ఎవరో ఒకరు చేసి అమ్ముతున్నారు. 1949 నాటి నమూనాకు ఇంతకంటే ఏం కావాలి?

అందుకని ఈ చలికాలం కుడుతున్నాం. వెండిపూతలో పిసినారితనం ఉండదు, దాని మీద రంగులోనే ఉంటుంది. నువ్వు ఎర్రగా మెరవాలనుకుంటే తోక చుక్కాని వరకే, మిగతాదంతా పల్చటి తెలుపు. పూసిన ప్రతి పౌండూ ఆ 384లోంచే పోతుంది, బియ్యం సంచి ఇంకా చిన్నది చేయలేను.

ఇట్లు,
తమ సూదీదారం సేవకుడు