గోల్ తిన్నాక కూడా కిక్ఆఫే

ఐటీ ఆఫీసుల్లో కిక్ఆఫ్ కాల్, అంటే కొత్త ప్రాజెక్టు మొదలుపెట్టే మీటింగ్, ఎలా నడుస్తుందో తెలిసిందే, ముప్పై మంది జాయిన్ అవుతారు, "స్క్రీన్ కనిపిస్తోందా అండీ" అనుకుంటూనే పది నిమిషాలు పోతాయి, ఆ తర్వాత స్లైడ్లు, గో-లైవ్ డేట్ (సాఫ్ట్‌వేర్ వాడకంలోకి వచ్చే రోజు) మాత్రం సేల్స్ వాళ్లు క్లయింట్‌కి ఎప్పుడో చెప్పేసి ఉంటారు. అచ్చం సినిమా ఓపెనింగే, కొబ్బరికాయ కొట్టి క్లాప్ ఇచ్చేస్తారు, రెగ్యులర్ షూటింగ్ ఎప్పుడో ఆ దేవుడికే తెలియాలి.

కిక్ఆఫ్ అనే మాట ఫుట్‌బాల్ నుంచే కదా తెచ్చుకున్నాం, అక్కడ రూల్ చూడండి. బంతి తన్నేవాడు తప్ప అందరూ ఎవరి హాఫ్‌లో వాళ్లుండాలి, ఎదుటి టీమ్ కనీసం 9.15 మీటర్ల దూరంలో ఉండాలి, తన్నినోడు ఇంకొకరు తాకేదాకా మళ్లీ బంతి ముట్టుకోకూడదు. 2016 దాకా ముందుకే తన్నాలనేవారు, ఆ ఏడాది ఎటైనా తన్నొచ్చని మార్చారు, అందుకే ఇప్పుడు చాలా టీములు మొదటి పాసే వెనక్కి ఇస్తున్నాయి. (మా మేనేజర్ చూస్తే ప్రోగ్రెస్ ఏదీ అంటాడు.)

మనం వదిలేసింది ఇంకోటుంది. గోల్ పడిన ప్రతిసారీ బంతి సెంటర్‌కి వస్తుంది, గోల్ తిన్న టీమే మళ్లీ కిక్ఆఫ్ చేస్తుంది, దాన్నెవరూ అవమానం అనుకోరు. మన దగ్గరా అలాంటిది ఒకటి జరిగింది, అమరావతికి 2015 అక్టోబర్ 22న శంకుస్థాపన, 2019 తర్వాత పనులు ఆగాయి, 2025 మే 2న పునఃప్రారంభం. రాజకీయం పక్కన పెడితే, ఆగిందని ఒప్పుకుని మళ్లీ మొదలెడుతున్నాం అని నలుగురి ముందు చెప్పారు.

ఐటీ ప్రాజెక్టుల్లో ఆ పని ఎవరూ చేయరు. ప్రాజెక్టులు ఎలా నడపాలో చెప్పే పీఎంబాక్ గైడ్ ఆరో ఎడిషన్ (2017) లెక్కన కిక్ఆఫ్ మామూలుగా ప్లానింగ్ అయ్యి పని మొదలయ్యే చోట రావాలి, మన దగ్గర ప్లాన్ లేకుండానే మొదటి వారంలో కానిచ్చేస్తారు, సరే అనుకుందాం, మరి ప్లాన్ మారితే? నేను చేసిన ఒక ప్రాజెక్టులో మూడో నెలలో క్లయింట్ పేమెంట్ మాడ్యూల్ మొత్తం మార్చేశాడు, టీమ్ లీడ్ ఏమో టికెట్లు (ఎవరు ఏ పని చేయాలో రాసుకునే ఎంట్రీలు) ఎడిట్ చేసి ఊరుకున్నాడు, మళ్లీ ఒక కాల్ పెడదామంటే "కిక్ఆఫ్ అయిపోయింది కదా" అన్నాడు. ఇద్దరు టెస్టర్లు రెండు వారాలు పాత డాక్యుమెంట్ పట్టుకునే టెస్ట్ చేశారు, పాపం అన్నీ పాస్ అయ్యాయి కూడా.