చెప్పేవాడికి వినేవాడు లోకువ కాకపోతే ఎలా?

విశ్వవిద్యాలయంలో హెచ్‌ఐవీ నివారణ గురించి చెప్పే పనిని విద్యార్థులకే అప్పగించారని విన్నప్పటి నుంచి నాకు నిద్ర లేదు. చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత మీదే కదా ఇన్నాళ్లూ మా పాఠాలు నడిచాయి! ఇప్పుడు చెప్పేవారూ వినేవారూ ఒకే బెంచీ మీద కూర్చుంటారట.

మా పద్ధతి ఎంత ముచ్చటగా ఉండేదని! ప్రపంచ ఎయిడ్స్ దినమని డిసెంబరు 1 రాగానే ఎర్ర రిబ్బను పెట్టుకుని, వైరస్ నిర్మాణం మీద నలభై నిమిషాలు మాట్లాడి, అది ఒకరి నుంచి ఒకరికి ఎలా సోకుతుందన్న చోటికి రాగానే గొంతు సవరించుకుని, "మీకు తెలిసిందే కదా" అని దాటేసేవాళ్లం. ప్రశ్నలున్నాయా అంటే హాలంతా నిశ్శబ్దం. అందరికీ అర్థమైందనడానికి ఇంకేమి రుజువు కావాలి?

ఆ నిశ్శబ్దాన్ని ఈ పీర్ ఎడ్యుకేటర్లు, అంటే తోటివారికి చెప్పే విద్యార్థులు, పాడుచేశారు. శిక్షణ పొందిన ఒక మూడో సంవత్సరం అమ్మాయి హాస్టల్ మెట్ల మీద కూర్చుని, కండోమ్ అనే మాటను మింగకుండా చివరిదాకా పలికిందని సమాచారం. ఇన్నేళ్ల ఉద్యోగంలో నేను మొదటి అక్షరం దాటలేదు.

అంతటితో ఆగలేదు. ఎవరో భయపడి అర్ధరాత్రి ఫోను చేస్తే, "వైరస్ సోకే అవకాశం ఏర్పడ్డాక 72 గంటలు దాటకముందే, దాన్ని అడ్డుకునే పెప్ మందులు మొదలుపెట్టాలి, ఎంత తొందరైతే అంత మేలు, 28 రోజులు వాడాలి" అని చెప్పి ఆస్పత్రికి తోడు వెళ్లిందట. నియమం ప్రకారం ఆ విద్యార్థి విభాగాధిపతి ద్వారా మా సంఘానికి దరఖాస్తు పంపుకోవాలి. సంఘం నెలకొకసారి కూర్చుంటుంది. వైరస్ ఆమాత్రం ఆగలేదా?

ఎవరికోసం వెళ్లావని అడిగితే పేరు చెప్పదు. గోప్యత అంటుంది. మాకు గోప్యత తెలియదా? మొన్న ఒకరి పరీక్ష ఫలితం స్టాఫ్ గదిలో ఉన్న పదిమందికి తప్ప ఎవరికైనా తెలియనిచ్చామా?

పైగా, క్రమం తప్పకుండా మందులు వాడుతూ, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా దొరకనంత తక్కువగా ఉంచుకున్నవారి నుంచి లైంగికంగా ఎవరికీ సోకదని ప్రచారం చేస్తున్నారు. నిజమే కావచ్చు. కానీ మా దగ్గరున్నది భయపెట్టడమనే ఒక్క పాఠమే. దాన్నీ లాగేసుకుంటే మేమేమి చెప్పాలి?

తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, డాక్టర్‌ను అడుగుదాం" అంటారట. హెచ్‌ఐవీ పక్కన కూర్చుంటే అంటదు; ఈ అలవాటు మాత్రం అధ్యాపకులకు అంటుకుంటుందేమోనని నా దిగులు.

చివరికి సంఘం ఒక తీర్మానం చేసింది: పీర్ ఎడ్యుకేటర్లు కొనసాగవచ్చు, వారి మాటలను ముందుగా పెద్దలొకరు పరిశీలించాలి. ఆ బాధ్యత నా మీద పడింది. రోజూ అద్దం ముందు ఆ మాటను సాధన చేస్తున్నాను. నిన్నటికి రెండో అక్షరం దాకా వచ్చాను.