పంట్ టైములో లేచి వెళ్ళకండి

2015 డిసెంబరులో పీట్ లెంబో తీసుకున్న నిర్ణయం బయటివాళ్ళకి మెట్టు దిగినట్టే కనిపిస్తుంది. అప్పటికి ఆయన ఇండియానా రాష్ట్రం మన్సీలో ఉన్న బాల్ స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి హెడ్ కోచ్. అంతకుముందు లీహైలో, ఈలాన్‌లో కూడా హెడ్ కోచే. మొత్తం 15 సీజన్లు జట్టు పగ్గాలు పట్టుకున్న మనిషి ఆ పదవి వదులుకుని, మేరీలాండ్‌లో ఇంకొకరి కింద స్పెషల్ టీమ్స్ కోచ్‌గా చేరారు. అఫెన్స్, డిఫెన్స్ కాకుండా, బంతిని కాలితో తన్నే సందర్భాల్లో దిగే దళాలే ఈ స్పెషల్ టీమ్స్. తర్వాత 2018లో హ్యూస్టన్‌లోని రైస్, ఆపైన రెండేళ్ళు మెంఫిస్, 2021 నుంచి మూడేళ్ళు సౌత్ కరోలినా. ఎక్కడికెళ్ళినా అదే పని. చివరికి 2024లో బఫెలో యూనివర్సిటీ పిలిచి హెడ్ కోచ్‌ని చేసింది. మొదటి ఏడాదే జట్టు 9 ఆటలు గెలిచింది, సీజన్ చివర ఆడే బహామాస్ బౌల్‌లో లిబర్టీ యూనివర్సిటీని 26-7తో ఓడించింది.

ఆ ఎనిమిదేళ్ళలో ఆయన మెట్టు దిగలేదు. జట్టు మొత్తాన్ని నడపడానికి స్పెషల్ టీమ్స్ కోచ్‌కి మించి తయారైన అసిస్టెంట్ ఇంకొకరు ఉండరని నా నమ్మకం. కానీ హెడ్ కోచ్ పోస్టు ఖాళీ అయినప్పుడల్లా యూనివర్సిటీలు మొదట అఫెన్స్ కోఆర్డినేటర్ల వైపు, ఆ తర్వాత డిఫెన్స్ వాళ్ళ వైపు చూస్తాయి. మూడో మనిషి ఎవరికీ గుర్తుండడు. ఇందులో చూసేవాళ్ళ పాత్ర కూడా ఉంది. అమెరికాలో శనివారం మన ఇళ్ళల్లో నలుగురు కూర్చుని ఆట చూస్తుంటే, నాలుగో డౌన్ (ఆఖరి ప్రయత్నం) వచ్చి, బంతిని దూరంగా తన్ని అవతలివాళ్ళకి వదిలే పంటర్ మైదానంలోకి అడుగుపెట్టగానే సగంమంది వంటింటి వైపు నడుస్తారు.

ఒక్కసారి ఆ పంట్ ఆగి చూడండి. లాంగ్ స్నాపర్ వంగి, కాళ్ళ మధ్య నుంచి బంతిని దాదాపు 15 గజాలు వెనక్కి విసురుతాడు. అదే స్నాప్. అది పంటర్ చేతికి చేరడానికి ఒక సెకను కూడా పట్టదు. స్నాప్ నుంచి కాలికి బంతి తగిలేదాకా మొత్తం రెండు సెకన్లు. బంతి గాల్లో నాలుగు సెకన్లకి పైగా ఉంటే, ఆ లోపల మనవాళ్ళు నలభై గజాలు పరిగెత్తి, పట్టుకునేవాడి ముందు నిలబడాలి. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అయితే తన్నేలోపు అటు చివర ఒకడు, ఇటు చివర ఒకడు మాత్రమే ముందుకు దూకవచ్చు. కాలేజీలో ఆ కట్టుబాటు లేదు, స్నాప్ కాగానే అందరూ పరిగెత్తవచ్చు. అందుకే కాలేజీ కోచ్‌లు పంటర్ ముందు ముగ్గురు భారీ మనుషుల్ని గోడలా నిలబెట్టి, మిగతావాళ్ళని వదిలేస్తారు. కొందరు పంటర్‌నే పక్కకి పరిగెత్తించి, పరుగులోనే తన్నిస్తారు. ఈ పరుగు కిక్ ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడి పెరిగిన కుర్రాళ్ళకి పుట్టుకతో వచ్చినట్టుంటుంది. మెల్‌బోర్న్ నుంచి అయోవా యూనివర్సిటీకి వచ్చిన టోరీ టేలర్ 2023 సీజన్‌లో 4,479 గజాలు పంట్ చేసి జాతీయ రికార్డు కొట్టాడు. ఆ ఏడాది అయోవా అఫెన్స్ గజాల లెక్కలో దేశం మొత్తానికీ ఆఖరున ఉంది. అయినా జట్టు 10 ఆటలు గెలిచి, బిగ్ టెన్ లీగ్‌లో వెస్ట్ డివిజన్ సాధించింది. అవతలివాళ్ళని ప్రతిసారీ వాళ్ళ గోల్ దగ్గరికి నెట్టింది ఆ పంట్లే. వాటి వెనకున్న స్పెషల్ టీమ్స్ కోచ్ లెవార్ వుడ్స్ పేరు మనలో ఎంతమందికి తెలుసు?

కిక్‌ఆఫ్ (ఆట మొదలుపెట్టే తన్ను), కిక్‌ఆఫ్ రిటర్న్ (దాన్ని పట్టుకుని ఎదురు పరిగెత్తడం), పంట్, పంట్ రిటర్న్, ఫీల్డ్ గోల్ (పాయింట్ల కోసం గోల్ స్తంభాల మధ్యకి తన్నడం), దాన్ని అడ్డుకోవడం. ఒక్కోదానికి పదకొండుమంది. ఆ ఆరు దళాల్లో కిక్ కొట్టేవాళ్ళనీ స్నాపర్‌నీ మినహాయిస్తే ఆ కోచ్‌కి సొంత ఆటగాళ్ళంటూ ఉండరు. అందరూ అరువే. రిసీవర్ల కోచ్‌ని అడిగి ఒకణ్ణి, లైన్‌బ్యాకర్ల కోచ్‌ని బతిమాలి ఇద్దర్ని తెచ్చుకోవాలి. స్టార్ ఆటగాడికి దెబ్బ తగులుతుందని వాళ్ళు వెనకాడతారు. కాబట్టి మిగిలేది కొత్తగా చేరిన కుర్రాళ్ళు, స్కాలర్‌షిప్ లేకుండా సొంత డబ్బుతో చదువుకుంటూ ఆడే వాక్-ఆన్లు. ప్రాక్టీసులో దొరికే సమయం నిమిషాల్లోనే. ఆ నిమిషాల్లో, డిఫెన్స్‌లో ఎప్పుడు ఆడిస్తారా అని ఎదురుచూసే పిల్లాడికి ఈ పరుగు కూడా ముఖ్యమేనని నమ్మకం కలిగించాలి. అఫెన్స్ వాళ్ళతోనూ డిఫెన్స్ వాళ్ళతోనూ ఒకే గదిలో మాట్లాడే అసిస్టెంట్ ఆయనొక్కడే. రోస్టర్‌లో చివరి పేరు దాకా ఎవరు పరిగెత్తగలరో, ఎవరు భయపడతారో ఆయనకి తెలుసు. హెడ్ కోచ్‌కి కావలసింది ఇదే కదా.

క్రికెట్ చూసే మనకి ఇది అర్థంకాని విషయం కాదు. ఏడేళ్ళు భారత జట్టు ఫీల్డింగ్ కోచ్‌గా చేసిన ఆర్.శ్రీధర్ హైదరాబాద్ తరఫున ఆడినవారు. ఆయన తర్వాత వచ్చిన టి.దిలీప్‌ది హైదరాబాదే. 2023 ప్రపంచ కప్‌లో మ్యాచ్ అయ్యాక డ్రెస్సింగ్ రూమ్‌లో మంచి ఫీల్డర్‌కి మెడల్ వేయడం మొదలయ్యాక గానీ చాలామంది ఫీల్డింగ్ గురించి మాట్లాడలేదు.

వర్జీనియా టెక్‌లో ఇలాంటిదే ఇంకోటి ఉంది. 1987 నుంచి 2015 దాకా అక్కడ హెడ్ కోచ్‌గా ఉన్న ఫ్రాంక్ బీమర్ స్పెషల్ టీమ్స్‌ని ఇంకొకరికి అప్పగించకుండా తన చేతిలోనే పెట్టుకున్నారు. మొదటి వరస ఆటగాళ్ళనే ఆ దళాల్లో దింపారు. పంట్లు, ఫీల్డ్ గోల్స్ అడ్డుకోవడంలో 1990ల్లో ఆ జట్టుకి సాటి లేదు. 1992లో రెండే ఆటలు గెలిచి ఉద్యోగం పోయే స్థితిలో ఉన్న మనిషి, 1999 సీజన్‌లో జట్టుని జాతీయ ఫైనల్ దాకా తీసుకెళ్ళారు. ఆయన రిటైరయ్యాక, విద్యార్థిగా ఆయన వేసుకున్న 25వ నంబరు జెర్సీని ఆట ఆటకీ ఒక స్పెషల్ టీమ్స్ కుర్రాడికి ఇవ్వడం ఆ జట్టువాళ్ళు మొదలుపెట్టారు. ఇంత మంచి గౌరవం కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇంకోటి నేను చూడలేదు.

ప్రొఫెషనల్ లీగ్ ఈ విషయంలో ముందే కళ్ళు తెరిచింది. జాన్ హార్‌బా సిన్సినాటి, ఇండియానా యూనివర్సిటీల్లో ఈ పని చేసి, 1998 నుంచి ఫిలడెల్ఫియాలో తొమ్మిది సీజన్లు స్పెషల్ టీమ్స్ చూసి, 2008లో బాల్టిమోర్‌కి హెడ్ కోచ్ అయ్యారు. 2013 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన తీరు చూడండి. రెండో సగం మొదలవుతూనే జాకోబీ జోన్స్ 108 గజాల కిక్‌ఆఫ్ రిటర్న్. ఆఖర్న 12 సెకన్లు మిగిలి ఉండగా పంటర్ శామ్ కోక్ బంతి తన్నకుండా ఎండ్ జోన్‌లో (గోల్ గీత వెనక ఉండే భాగం) అటూ ఇటూ తిరిగి, ఎనిమిది సెకన్లు కరిగించి, కావాలనే గీత దాటి రెండు పాయింట్లు వదులుకున్నాడు. 34-31. ఆ టెన్షన్‌లో అంత చల్లగా ఆలోచించాలంటే ఏళ్ళ తరబడి ఆ పని చేసి ఉండాలి.

కిక్‌ఆఫ్‌లే తగ్గిపోతుంటే ఈ కోచ్ ఎందుకని అడిగేవాళ్ళున్నారు. నిజమే, తగ్గాయి. కాలేజీ ఆటలో 2012లో కిక్‌ఆఫ్‌ని 35 గజాల గీత దగ్గరికి ముందుకు జరిపారు, టచ్‌బ్యాక్‌కి (బంతి ఎండ్ జోన్‌లోనే ఆగిపోయి రిటర్న్ లేకపోతే) 25 గజాలు ఇచ్చారు. 2018 నుంచి 25 లోపల ఫెయిర్ క్యాచ్ (పరిగెత్తనని ముందే సైగ చేసి పట్టడం) పట్టినా బంతి 25 దగ్గరే పెడుతున్నారు. ఈ మార్పులు మంచివే. 2010 అక్టోబరులో రట్గర్స్ ఆటగాడు ఎరిక్ లెగ్రాండ్ ఆర్మీ జట్టుతో ఆటలో కిక్‌ఆఫ్ మీద టాకిల్ చేయబోయి, మెడకి దెబ్బ తగిలి పక్షవాతానికి గురయ్యాడు. అది టీవీలో చూసిన ఏ తల్లికైనా ఇంకా గుర్తుంటుంది. మిగిలిన కిక్‌ఆఫ్‌లు కూడా పూర్తి వేగంతో ఎదురెదురుగా పరిగెత్తేవే. తల ఎలా పెట్టాలో, ఎప్పుడు ఆగాలో నేర్పే పనిని ఖాళీ దొరికినప్పుడు చేసే పక్కపనిగా ఎవరో ఒకరి నెత్తిన వేయడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

2018 జనవరిలో కాలేజీ జట్లకి పదో అసిస్టెంట్ కోచ్‌ని అనుమతించినప్పుడు చాలా జట్లు ఆ పోస్టుని స్పెషల్ టీమ్స్‌కి ఇచ్చాయి. 2024లో మైదానంలో శిక్షణ ఎవరైనా ఇవ్వవచ్చని నిబంధన సడలించారు. ఇప్పుడు ఆ పనిని ముక్కలు చేసి, తక్కువ జీతాల సిబ్బందికి పంచేయడం సులువు. హెడ్ కోచ్‌ని తీసేస్తే అసిస్టెంట్లందరూ మూటాముల్లె సర్దుకోవలసిందే, ఇల్లు మారాలి, పిల్లల బడి మారాలి. ఇన్ని భరించే మనిషికి కోఆర్డినేటర్ హోదా, ఆ హోదాకి తగ్గ జీతం, ఇంకో బాధ్యత అంటగట్టకుండా పని చేసుకునే వీలు ఇవ్వాలి.

వీళ్ళందరూ గెలుస్తారని నేను అనను. ఫ్రాంక్ బీమర్ కొడుకు షేన్ కూడా స్పెషల్ టీమ్స్ నుంచి వచ్చినవారే. సౌత్ కరోలినాలో హెడ్ కోచ్‌గా 2024లో 9 ఆటలు గెలిచి, 2025లో నాలుగే గెలిచారు. లెంబో రెండో ఏడాది కూడా 5-7తో ముగిసింది. అఫెన్స్ నుంచి వచ్చినవాళ్ళు ఇంతకంటే ఘోరంగా ఓడిన సందర్భాలు బోలెడు, అయినా వాళ్ళని పిలవడం ఎవరూ మానలేదు.

బఫెలో, మేరీలాండ్, హ్యూస్టన్, మెంఫిస్: లెంబో పనిచేసిన ఈ చోట్ల మన పిల్లలు చదువుతున్నారు, మన కుటుంబాలు సీజన్ టికెట్లు కొంటున్నాయి. మనలో పూర్వ విద్యార్థులుగా విరాళాలిచ్చేవాళ్ళున్నారు. మీ యూనివర్సిటీ కొత్త కోచ్‌ని వెతికేటప్పుడు అథ్లెటిక్ డైరెక్టర్‌కి ఒక మెయిల్ రాయండి. ఇంటర్వ్యూకి పిలిచినవాళ్ళలో స్పెషల్ టీమ్స్ నుంచి ఒక్కరైనా ఉన్నారా అని అడగండి.