జెల్లీకి పౌరసత్వం ఉందా?

"జెల్లీ వేస్తే అది ట్రైఫిల్ కాదు."

ఈ మాట అనేవాళ్ళ ముఖం ఎప్పుడైనా చూశారా? రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చదువుతున్నంత గంభీరంగా ఉంటుంది. క్రిస్మస్ దగ్గర పడితే చాలు, ఇంగ్లండులో ఈ ధర్మాసనం ఇంటింటా కొలువు తీరుతుంది. అక్కడ రెండేళ్ళు చదువుకొచ్చిన మనవాళ్ళు ఆ తీర్పును భద్రంగా హైదరాబాద్ దాకా మోసుకొస్తారు. పెళ్ళి విందులో ఆప్రికాట్ డిలైట్ ముందు నిలబడి, "యాక్చువల్‌గా ట్రెడిషనల్ ట్రైఫిల్‌లో జెల్లీ ఉండదు" అని ప్రకటిస్తారు. అది ట్రైఫిల్ అని ఎవరూ అనలేదు నాయనా. కప్పు తీసుకుని పక్కకు జరుగు, వెనక లైను పెద్దదిగా ఉంది.

తెలియనివాళ్ళ కోసం కేసు వివరాలు. ట్రైఫిల్ అంటే పొరలు పొరలుగా పేర్చే ఇంగ్లిషువాళ్ళ తీపి వంటకం. పెద్ద గాజు గిన్నె. అడుగున ఎండిపోయిన స్పాంజి కేకు ముక్కలు, అవి నానేలా షెర్రీ అనే వైను. మీద జామో, రాస్ప్‌బెర్రీలో. ఆపైన కస్టర్డ్, దాని మీద గిలక్కొట్టిన క్రీమ్. చివర్లో వేయించిన బాదం పలుకులు. ఇంతవరకూ అందరూ బంధువులే. గొడవంతా కేకుకీ కస్టర్డ్‌కీ మధ్య ఎర్రగా వణికే ఆ ఒక్క పొర దగ్గర. పప్పుచారులో బెల్లం వెయ్యాలా వద్దా అని మాటలు మానేసిన తోడికోడళ్ళను చూసినవాళ్ళకి దీని తీవ్రత వేరే చెప్పనక్కర్లేదు.

సరే, సంప్రదాయమే ప్రమాణం అనుకుందాం. ఎంత వెనక్కి వెళ్దాం? 16వ శతాబ్దం చివర్లో థామస్ డాసన్ తన వంటల పుస్తకంలో అచ్చువేసిన ట్రైఫిల్ చాలా సులువు. చిక్కటి క్రీమ్‌లో చక్కెర, అల్లం, రోజ్‌వాటర్ కలిపి గోరువెచ్చగా వేడిచేసి గిన్నెలో పోసి వడ్డించడమే. కేకు లేదు, కస్టర్డ్ లేదు, షెర్రీ లేదు. కాబట్టి అసలు సిసలు సంప్రదాయవాదులకు నా విన్నపం ఒక్కటే. ఆ క్రీమ్ వెచ్చబెట్టుకుని, అల్లం వేసుకుని, తాగేసి పడుకోండి.

అంత పాతది వద్దు, కాస్త ఇటు రమ్మంటారా? 18వ శతాబ్దానికి వద్దాం. 1747లో హన్నా గ్లాస్ వంటల పుస్తకం వచ్చింది. ఇంగ్లిషు వంటకు అది పెద్దబాలశిక్ష. దాని తర్వాతి కూర్పుల్లో ట్రైఫిల్‌కి జెల్లీ ఉంది. దూడ కాళ్ళు ఉడకబెట్టి తీసిన జిగురుతోనో, జింక కొమ్ముతోనో చేసిన జెల్లీ. అంటే ఆ వణికే పొరకు రెండున్నర శతాబ్దాల వంశవృక్షం ఉంది. అదే పుస్తకంలో ఇండియా పద్ధతిలో కర్రీ చేయడం కూడా ఉంది. ఇంగ్లిషు సంప్రదాయం అప్పటికే మన వంటింటి కిటికీలోంచి తొంగి చూస్తోందన్నమాట.

ఇక కస్టర్డ్ సంగతి. జెల్లీని చూసి ముఖం తిప్పుకునే పెద్దమనిషి డబ్బాలోంచి పసుప్పచ్చ పొడి తీసి పాలల్లో కలుపుతాడు. 1837లో ఆల్ఫ్రెడ్ బర్డ్ ఆ పొడిని కనిపెట్టాడు, ఆయన భార్యకు గుడ్లు పడేవి కావు కాబట్టి. గుడ్డు లేని కస్టర్డ్ సంప్రదాయమట, జెల్లీ మాత్రం కల్తీ అట!

జెల్లీకి రాజముద్ర కూడా పడింది. 2022లో రాణి ఎలిజబెత్ గద్దెనెక్కి 70 ఏళ్ళయిన సందర్భంగా దేశమంతటికీ ఒక పుడ్డింగ్ కావాలని పోటీ పెట్టారు. దాదాపు 5,000 మంది పంపితే, సౌత్‌పోర్ట్‌కి చెందిన జెమ్మా మెల్విన్ ట్రైఫిల్ గెలిచింది. అందులో నిమ్మ, నారింజ రసాలతో చేసిన జెల్లీ ఉంది. షెర్రీ లేదు. ఫైనల్‌కి వచ్చిన అయిదింటిలో రోజ్ ఫలూదా కేకు కూడా ఒకటి. ఆ సాయంత్రం సంప్రదాయ పరిరక్షకుల ఇళ్ళల్లో పొయ్యి వెలిగి ఉండదు.

నాకు ఒక కోరిక ఉంది. ఈ పరిరక్షకుల్లో ఒకాయన్ని హీత్రూ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర కూర్చోబెట్టి, ట్రైఫిల్‌లో పడే సరుకులన్నిటినీ లైన్లో నిలబెట్టాలి.

ముందు క్రీమ్ వచ్చింది. ఊరు డెవన్. ముద్ర పడింది. వెనకే స్పాంజి. "గడువు దాటిపోయినట్టున్నావే?" "అదే నా అర్హత సార్." ముద్ర పడింది.

షెర్రీ వచ్చింది.

"పుట్టిన ఊరు?"

"హెరెస్, స్పెయిన్ సార్."

"ఎప్పుడొచ్చావు?"

"మావాళ్ళు ముందు నుంచీ వ్యాపారం మీద వస్తూనే ఉన్నారు. 1587లో మాత్రం మీ నౌకాదళం డ్రేక్ గారు కాడిజ్ రేవు మీద పడి దాదాపు 2,900 పీపాలు ఎత్తుకొచ్చారు."

"అయితే దొంగతనంగా వచ్చావు."

"దొంగ నేను కాదు సార్."

"నోరు లేస్తోందే! బ్యాంకులో డబ్బు 28 రోజులు కదలకుండా ఉంచావా?"

"నేనే పీపాలో ఏళ్ళ తరబడి కదలకుండా ఉన్నాను సార్."

తర్వాత వెనీలా. మెక్సికో మూలం. ఐఈఎల్‌టీఎస్ స్కోరు లేదు, పక్కన కూర్చోమన్నారు. కస్టర్డ్ పొడిలోని కార్న్‌ఫ్లోర్ తాత అమెరికా మొక్కజొన్న. పైగా గుడ్డునని చెప్పుకుని ఇన్నేళ్ళుగా తిరుగుతోంది. దొంగ పత్రాల కేసు. బాదంపప్పుకి టీబీ టెస్ట్ రిపోర్టు కావాలన్నారు. చివరికి జెల్లీ.

"నీ మీద చాలా కంప్లైంట్లు ఉన్నాయి."

"నేను ఇక్కడే పుట్టాను సార్. ఇక్కడి దూడ కాళ్ళలోంచి."

"మరెందుకలా వణుకుతున్నావు?"

"భయం కాదు సార్, స్వభావం."

"లోపలికి తీసుకెళ్ళి విచారించండి."

ఇంతలో లైనుతో పని లేకుండా తెల్లటి మనిషి ఒకడు తిన్నగా వచ్చాడు. ఆఫీసరు పాస్‌పోర్టు అడగలేదు. లేచి నిలబడి గేటు తీశాడు. వచ్చినవాడు చక్కెర.

అడగాలి కదా? కేకులో ఉన్నాడు, జామ్‌లో ఉన్నాడు, కస్టర్డ్‌లో ఉన్నాడు, జెల్లీలో ఉన్నాడు. ఈ గిన్నెలో వాడు లేని పొర లేదు. హన్నా గ్లాస్ కాలంలో ఆ చక్కెర జమైకా, బార్బడోస్ తోటల నుంచి వచ్చేది. ఆఫ్రికా నుంచి ఎత్తుకొచ్చి, కొరడాలతో కొట్టి చేయించుకున్న చాకిరీ అది. 1833లో చట్టం చేసి బానిసత్వం రద్దు చేశారు. పరిహారం కింద 2 కోట్ల పౌండ్లు ఇచ్చారు. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు! బానిసలకు ఒక్క పెన్నీ ఇవ్వలేదు, పైగా మరికొన్నేళ్ళు అదే యజమాని దగ్గర జీతం లేకుండా పనిచేయమన్నారు. ఆ పరిహారం కోసం చేసిన అప్పు 2015లో గానీ తీరలేదు. మారిషస్ తోటల యజమానులూ తమ వాటా పుచ్చుకున్నారు. పుచ్చుకుని ఊరుకున్నారా? చెరకు నరకడానికి చేతులు కావాలని మన తీరం మీదికి వచ్చి కూలీలను ఓడలెక్కించారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద మారిషస్‌లో తెలుగువాళ్ళను కోరంగీలనే పిలిచారు. ఆ చెరకు చక్కెరై లండన్ చేరింది, ట్రైఫిల్‌లో కరిగింది. మీరేమో జెల్లీ దగ్గర ఆగిపోయారు! సిగ్గుండాలి.

పోనీ, ఆ దేశంలో అడిగినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. బానిస వ్యాపారం ఆపమంటే పార్లమెంటు కాదంది. అప్పుడు 1791లో లక్షల మంది వెస్టిండీస్ చక్కెర ఇంట్లోకి రానివ్వడం మానేశారు. అందులో ఆడవాళ్ళే ముందున్నారు. టీ చప్పగా తాగారు. ఇంగ్లిషు సంప్రదాయం అని ఎవరైనా గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పుకోవాలంటే దాన్ని చెప్పుకోవాలి. ఏ క్రిస్మస్ వాదనలోనూ అది వినిపించదు.

జెల్లీ ఉన్న ట్రైఫిల్ పెట్టినా, లేనిది పెట్టినా నాకు అభ్యంతరం లేదు, తింటాను. దాంతోపాటు సంప్రదాయం మీద ఉపన్యాసం కూడా వడ్డిస్తే మాత్రం గిన్నె మళ్ళీ ముందుకు తోస్తాను. ఇంకాస్త జెల్లీ వెయ్యండమ్మా, ఎర్రది.