తప్పంతా కాంట్రాక్టర్‌దేనా?
పాత క్వార్టర్లు కూల్చిన చోట కొత్త ఫ్లాట్లు ఆలస్యం కావడానికి కాంట్రాక్టరే కారణమని ఓ వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. టెండరు పిలిచిందెవరు, బిల్లులు పాస్ చేసేదెవరు? కడపలో మా పిన్నివాళ్ల ఇల్లూ ఇలాగే కూల్చారు. కొత్తగా లేపిన పిల్లర్ల చువ్వలు తుప్పుపట్టాయి, మధ్యలో సర్కారు తుమ్మ మొలిచింది. ఆఫీసుకు పోతే ‘పైనుంచి ఫండ్స్ రాలేదమ్మా’ అంటారు, అదీ సెల్‌ఫోన్ చూసుకుంటూనే. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రైవేటు బిల్డర్లకే కాదు, ఇళ్లు కట్టి అమ్మే ప్రభుత్వ సంస్థలకూ వర్తిస్తుంది. కట్టడంలో లోపాలుంటే 5 ఏళ్ల వరకు బాధ్యత వాళ్లదే. సమాచార హక్కు చట్టం కింద అగ్రిమెంటు కాపీ, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకలు అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. మా పిన్ని దరఖాస్తు పెట్టాకే ఇంజినీరు సైటు మొహం చూశాడు.